ముందు రాద్దాం, తర్వాత మాట్లాడదాం

నలుగురూ కూర్చుని ఆలోచనలు చెప్పుకొనే పద్ధతే బ్రెయిన్‌స్టార్మింగ్. అయితే 1958లో అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయ పరిశోధనలో, విడివిడిగా ఆలోచించినవారికే ఎక్కువ ఆలోచనలు వచ్చాయని తేలింది. గుంపులో ఒకరు మాట్లాడుతుంటే మిగతావాళ్లు ఆగాలి. ఈలోపు తట్టినది జారిపోతుంది.

మన బడుల్లో ఇంకో చిక్కుంది. బదిలీ మీద కొత్తగా వచ్చినవాళ్లు భాష తడబడుతుందని నోరు విప్పరు.

అందుకే మేము కంప్యూటర్ ల్యాబ్‌లో ఒకే షేర్డ్ డాక్యుమెంట్ తెరిచి, పది నిమిషాలు మాట్లాడకుండా, పేర్లు లేకుండా, వచ్చిన భాషలో టైప్ చేస్తాం. తర్వాత అన్నీ చదివి, ఒకేలాంటివి కలిపి, ఓట్లు వేస్తాం.

మొన్న సైన్స్ ప్రదర్శనకు, చేతులు కడిగిన నీటిని తోటకు మళ్లించాలన్న ఆలోచన గెలిచింది. ఓట్లు లెక్కపెట్టాక, వెనక బెంచీలోని కొత్తమ్మాయి మెల్లగా చెయ్యెత్తింది: "అది నేనే రాశాను."