ఆకలి లేని చేపకు గాలం

వడమాలపేట పరిసరాల చెరువుల్లో గాలం వేసేవారు ముల్లుకు వానపామును గుచ్చుతారు. ఆకలిగొన్న చేప వచ్చి పట్టుకుంటుంది. ఉత్తర అట్లాంటిక్ తీర నదుల్లో సాల్మన్ వేట దీనికి పూర్తిగా భిన్నం.

సాల్మన్ నదిలో పుట్టి, సముద్రంలో పెరిగి, గుడ్లు పెట్టడానికి తిరిగి నదికి వస్తుంది. మన గోదావరి పులసను గుర్తుచేసుకోండి. అదీ సముద్రం నుంచి ఎదురీదే చేపే. అయితే నదిలో ప్రవేశించాక సాల్మన్ దాదాపు ఏమీ తినదు. మరి ఎరకు ఎలా పడుతుంది? ఈకలు, దారాలు చుట్టి చేసిన ‘ఫ్లై’ తన ముందు కదిలితే చిరాకుతోనో, పాత అలవాటుతోనో కరుస్తుందని అంటారు. ఇక్కడే పర్యాటకునికి గైడు అవసరం. స్కాట్లండులో ఇతణ్ణి గిల్లీ అంటారు. చేప ఏ మడుగులో ఆగుతుందో, నీరు తగ్గితే ఎంత చిన్న ఫ్లై కట్టాలో అతనికి తెలుసు. అయినా వారమంతా నీటిలో నిలబడి ఒక్క చేపా పడకుండా తిరిగివెళ్లేవారు ఉంటారు. పడినదాన్ని కూడా తరచుగా ముల్లు తీసి నీటిలోకే వదిలేస్తారు. పుస్తెలమ్మైనా పులస తినాలనే మనకు ఇది వింతే!

కాని లెక్క చూడండి. చేపను అమ్మితే ధర ఒక్కసారే. నదిలో ఉంటే గైడుకు, బస నడిపేవారికి ఏటా ఆదాయం. ఆ చేపే తగ్గుతోంది. 2023 డిసెంబరులో ఐయూసీఎన్ అట్లాంటిక్ సాల్మన్‌ను ముప్పుకు చేరువైన జాతిగా పేర్కొంది. 2024 జూన్‌లో నార్వే 33 నదుల్లో సాల్మన్ వేటను సీజను మధ్యలోనే ఆపేసింది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి: ఆ నదిపై బతికే గైడు మీరైతే ఈ నిషేధాన్ని సమర్థిస్తారా? కారణాలతో ఐదు వాక్యాల్లో రాయండి.