రెండు పట్టాల మీద ఎన్ని ఇంజన్లు?

రాజమహేంద్రవరం, కొవ్వూరుల మధ్య గోదావరి మీది ఆర్చి వంతెనలో 97.55 మీటర్ల పొడవున్న ఖానాలు 28 ఉన్నాయి. నమూనా రైళ్ళకు ఎక్కువమంది వాడే హెచ్‌ఓ కొలతకు, అంటే అసలులో 87వ వంతుకు, ఆ వంతెనను కుదిస్తే ఒక్కో ఖానా 112 సెంటీమీటర్లు, మొత్తం వంతెన 31 మీటర్ల పైచిలుకు అవుతుంది, కల్యాణమండపంలో తప్ప ఇంట్లో పట్టదు. అటువంటి నమూనా మీద, రెండు ఒడ్డుల స్టేషన్లనూ కలుపుకొని, దేని వేగం దానిదిగా ఎన్ని ఇంజన్లను ఒకేసారి నడపవచ్చునని అడిగితే డిజిటల్ కంట్రోలు లెక్కల్లో కనబడే జవాబు వేలల్లో ఉంటుంది. ఆ అంకె అబద్ధమేమీ కాదు గాని, అది చిరునామాల లెక్క. ఇంజన్ల సంఖ్యకు అసలు హద్దులు కాలంలోనూ కరెంటులోనూ ఉన్నాయి.

పాత పద్ధతిలో పట్టాలలోని కరెంటే నేరుగా మోటారును తిప్పేది కనుక, వోల్టేజి పెంచితే ఆ పట్టా మీదున్న ఇంజన్లన్నీ కలిసే పరుగెత్తేవి. ఒకదాన్ని ఆపి మరొకదాన్ని నడపాలంటే పట్టాను ముక్కలుగా కోసి, ముక్కకొక స్విచ్చు బిగించవలసివచ్చేది. 1980ల చివర జర్మనీలో బెర్న్డ్ లెంజ్ రూపొందించగా, ఆ తరువాతి దశాబ్దంలో అమెరికాలోని నమూనా రైళ్ళ సంఘం ప్రమాణంగా స్వీకరించిన డీసీసీ, అంటే డిజిటల్ కమాండ్ కంట్రోల్, ఈ చిక్కును తలకిందులు చేసి విప్పింది. ఇందులో పట్టాల మధ్య వోల్టేజి ఎప్పుడూ పూర్తిగానే, సుమారు 15 వోల్టులు, ఉంటుంది. ఏ పట్టా ధనం, ఏది ఋణం అన్నది మాత్రం క్షణక్షణానికీ తారుమారవుతూ, ఒక్కో దశ 58 మైక్రోసెకన్లు, అంటే సెకనులో పది లక్షలవ వంతులు 58, నిలిస్తే ‘1’ అనీ, 100 గాని అంతకు మించి గాని నిలిస్తే ‘0’ అనీ ఇంజనులోని డీకోడరు, అనగా సందేశాన్ని విప్పి మోటారును నడిపే చిన్న పలక, చదువుకుంటుంది. అర్థమంతా దశ నిడివిలోనే ఉండి దిశలో ఏమీ లేనందువల్ల, ఇంజనును ఎత్తి మొహం అటు తిప్పి పెట్టినా సందేశం చెడదు. పైగా ఆ సందేశాన్ని మోసే కరెంటే మోటారుకు తిండి కూడా. ఒకే దారిన మాటనూ మేతనూ పంపే పొదుపైన ఏర్పాటు ఇది. ‘0’ దశలలో ఒకదాన్ని మాత్రం సాగదీసి, డీకోడరు లేని పాత ఇంజనును కూడా నడిపించే కిటుకు ఒకటుంది గాని, మోటారు ఈగల గుంపులా రొద పెడుతుంది, సాగిన ప్రతి ‘0’ మిగతా అందరి కాలాన్నీ తింటుంది.

చిరునామాలకు కొరత లేదు. ఆ రోజుల్లో పోటీగా ఉన్న మార్క్‌లిన్ వారి పద్ధతి మూడు స్థితుల అంకెలు నాలుగింటితో 81 కలయికలు కట్టి, ఒకటి విడిచి 80 ఇంజన్లతో ఆగగా, డీసీసీ చిన్న చిరునామాలు 127 వరకు, పెద్దవి 10239 వరకు ఇస్తుంది. భారతీయ ఇంజన్లకు మాత్రం ఇదీ చాలదు: డబ్ల్యూఏపీ-7 తరగతి సంఖ్యలు 30201తో మొదలవుతాయి కనుక, లాలాగూడ షెడ్డు ఇంజనుకు నమూనా చేసేవారు అయిదంకెలలో మొదటిదాన్ని వదులుకోవలసిందే.

ఇక కాలం సంగతి. డీసీసీ సందేశాన్ని ప్యాకెట్ అంటారు. అందులో ముందు వరుసగా కనీసం పద్నాలుగు ‘1’లు వచ్చి ‘వినండి’ అంటాయి, ఆపై చిరునామా, ఆజ్ఞ, చివర తప్పు పట్టే బైటు వస్తాయి, ఒక్కో బైటుకు ముందు ఒక ‘0’ కాపలా ఉంటుంది. పెద్ద చిరునామా, 128 మెట్ల వేగం ఉన్న ఇంజనుకు పోయే ప్యాకెట్ సుమారు తొమ్మిది మిల్లీసెకన్లు పడుతుంది కాబట్టి, సెకనుకు నూటపది ప్యాకెట్లకు మించి పట్టాల మీద సాగవు. ఆజ్ఞను ఒక్కసారి చెప్పి ఊరుకుందామంటే, చక్రానికీ పట్టాకూ మధ్య దుమ్ము పడినా, తేమకు చిలుము పట్టినా ఆ ప్యాకెట్ చెడిపోతుంది, చివరి బైటు లెక్క కుదరక డీకోడరు దాన్ని పారవేస్తుంది. అందుకే కమాండ్ స్టేషన్ అనే కేంద్ర యంత్రం ప్రతి ఇంజనుకూ దాని వేగాన్ని వంతులవారీగా మళ్ళీమళ్ళీ చెబుతూనే ఉంటుంది. పది ఇంజన్లుంటే ఒక్కోదాని వంతు సెకనుకు పదకొండుసార్లు వస్తుంది. నూరు ఉంటే ఒక్కసారే. అసలులో గంటకు 100 కిలోమీటర్ల వేగమంటే నమూనాలో సెకనుకు 32 సెంటీమీటర్లు కనుక, నూరింటి గుంపులో ఒక ప్యాకెట్ పోగొట్టుకున్న ఇంజను తరువాతి వంతు వచ్చేలోపు అంత దూరమూ పాత ఆజ్ఞతోనే పోతుంది. కూత, దీపాలు వంటి వాటికి విడి ప్యాకెట్లు కలిస్తే వంతు ఇంకా ఆలస్యమవుతుంది. తయారీదారులు కొత్తగా మారిన ఆజ్ఞను వరుస తప్పించి ముందు పంపడం వల్ల ఈ ఆలస్యం నడిపేవారి చేతికి తెలియకుండా పోతుంది, ఆ తెలివికి మెచ్చుకోవాలి. కాని వంతుల పట్టికలో గళ్ళు కూడా కొన్నే, చిన్న యంత్రాల్లో పది, ఇరవై, పెద్దవాటిలో 120 దాకా.

ఆచరణలో ఇంతవరకు రాకముందే కరెంటు అడ్డుపడుతుంది. హెచ్‌ఓ ఇంజను అర ఆంపియరు తాగుతుందనుకుంటే, అయిదు ఆంపియర్ల బూస్టరు, అంటే సందేశాన్ని బలంగా చేసి పట్టాలకు అందించే పెట్టె, పదింటితోనే నిండుతుంది. డీకోడర్లలో కెపాసిటర్లు ఉంటే, నిలబడి ఉన్న ఇంజన్లు కూడా స్విచ్చు వేసిన క్షణాన ఒక్కసారే గుటక వేయడం వల్ల బూస్టరు తనంతట ఆగి, మళ్ళీ లేచి, మళ్ళీ ఆగుతుంది. ఆపై వంతెన పొడవు. ఇళ్ళలో దీపాలకు లాగే 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగితీగను 31 మీటర్లు పరిస్తే, పోను రాను 62 మీటర్లకు నిరోధం ముప్పాతిక ఓము దగ్గరకు వస్తుంది, అయిదు ఆంపియర్ల దగ్గర మూడున్నర వోల్టులు దారిలోనే పోతాయి. పట్టాలు నికెల్ సిల్వరు; దాని వాహకత రాగిలో పదోవంతు కూడా ఉండదు కనుక, తీగ లేకుండా పట్టాలనే నమ్ముకుంటే దూరాన పట్టా తప్పిన పెట్టె వల్ల కలిగే షార్టును బూస్టరు గుర్తించనే గుర్తించక, చక్రాలు కాలేదాకా కరెంటు పోస్తూనే ఉంటుంది. దీనికి పరీక్ష సులువు: వంతెన నడుమ రెండు పట్టాల మీద అడ్డంగా రూపాయి బిళ్ళ పెట్టాలి, వెంటనే బూస్టరు ఆగితే తీగ సరిపోయినట్టు.

మందు కూడా ఇక్కడే ఉంది: కొవ్వూరు వైపు ఒక బూస్టరు, రాజమహేంద్రవరం వైపు ఒకటి, నడుమ పట్టాలో సన్నని కోత. చక్రాలు కోతను దాటేటప్పుడు రెండు బూస్టర్లూ కలుస్తాయి కాబట్టి రెండిటి దశా ఒకటిగా ఉండాలి. అసలు రైల్వేలో 25 కిలోవోల్టుల తీగలకు పక్కపక్క సబ్‌స్టేషన్ల దశలు వేరు కనుక నడుమ కరెంటు లేని ముక్క ఉంచి, ఇంజను అక్కడ ఊపు మీదే దొర్లుకుపోయేలా చేశారు. బూస్టర్లు ఎన్ని పెంచినా కరెంటే పెరుగుతుంది. వాటన్నిటికీ ఒకే ప్యాకెట్ల వరుస కనుక కాలం పెరగదు. ఇంజను బదులు చెప్పడానికి లెంజ్ తరువాత తెచ్చిన రైల్‌కామ్‌లో ప్యాకెట్‌కూ ప్యాకెట్‌కూ నడుమ బూస్టరు అర మిల్లీసెకనుకు కొంచెం తక్కువసేపు నోరు మూసుకోవాలి, ఆ మౌనం కూడా ఈ ఖాతాలోనే పడుతుంది.

2022 మార్చి 4న వికారాబాద్ దగ్గర గుల్లగూడ, చిట్గిడ్డ స్టేషన్ల నడుమ రైల్వే మంత్రి ఎదుట ప్రదర్శించిన, అసలు రైళ్ళు ఢీకొనకుండా కాచే ‘కవచ్’ వ్యవస్థ సందేశాలకు పట్టాల బదులు రేడియో దారి, అక్కడా స్టేషన్ టవరు ఇంజన్లకు కాలాన్ని చిన్నచిన్న గళ్ళుగా పంచి ఇస్తుంది, గడి దొరికినప్పుడే ఇంజను తన ఉనికి చెప్పుకోగలదు.