మామూలు జీవితము

మా కళాశాలలో విద్యార్థులకు వీడ్కోలు చెప్పు సభలో ప్రతి సంవత్సరమును ఒక ప్రశ్న తప్పక వినబడును: "ఇకమీదట ఏమి చేయదలచినారు?" పిలువబడిన వారొక్కొక్కరు మైకు ముందు నిలిచి సమాధానము చెప్పవలెను. ఒకరు సివిల్ సర్వీసు పరీక్షకు కూర్చుందునందురు. ఒకరు గల్ఫు దేశములకు పోవుదునందురు. మరొకరు పెద్ద కంపెనీ పేరు చెప్పుదురు. చప్పట్లు మ్రోగును. కొన్ని సంవత్సరముల క్రిందట ఒక విద్యార్థి తలవంచుకొని నిలిచి, "ఏమీ లేదు సార్. అబ్బాజాన్ దుకాణంలో కూర్చుంటాను. మామూలే" అని చెప్పి వేదిక దిగిపోయినాడు. సభలో ఎవ్వరును చప్పట్లు కొట్టలేదు. ముందు వరుసలో కూర్చున్న మేమును కొట్టలేదు.

ఆ విద్యార్థి చదువులో వెనుకబడినవాడు కాడు. అబద్ధమాడినవాడు అంతకన్నను కాడు. అయినను అతడేదో తప్పు ఒప్పుకొన్నట్లు దిగిపోయినాడు. మేమును ఆ తప్పును విన్నట్లే మౌనము వహించితిమి. ఆ "మామూలే" అను మాట మాత్రము మమ్ము విడువలేదు.

భాష బోధించు వారికి ఒక దురలవాటు గలదు. మనస్సు కలతపడినప్పుడు నిఘంటువు తెరచెదరు. మేమును తెరచితిమి. "మామూలు" తెలుగు మాట కాదు. అరబ్బీలో "అమల్" అనగా పని, ఆచరణ. ఆ ధాతువునుండియే "అమలు పరచుట" అను మన మాట వచ్చినది; అమల్దారు అను పాత ఉద్యోగి పేరు వచ్చినది. "మామూల్" అనగా చేయబడునది, నిత్యము ఆచరణలో ఉన్నది అని అర్థము. ఉర్దూలోనికి, ఉర్దూనుండి తెలుగులోనికి వచ్చుసరికి అది "సాధారణము, విశేషమేమియు లేనిది" అని వాడుకైనది. (కచేరీలలో ఫైలు కదలుటకు ఇచ్చు "మామూళ్ళు" కూడ ఈ మాటయే. ఒక మంచి మాట ఎంత దూరము జారగలదో దానిని బట్టి తెలియును.) మనము చులకనగా పలుకు మాటకు మూలమున ఉన్నది పనియే. రోజును ఎవరో ఒకరు చేయుచుండుటచేతనే లోకము నడచుచున్న పని అది. ఆ విద్యార్థి చెప్పినదియు అదియే. వినుటకు మాకు చెవులు లేకపోయినవి.

ఇట్టి పనిని మేము దగ్గరనుండి చూచిన చోటు మా గ్రంథాలయమే. ప్రతి వేసవిలోను అక్కడకు ఒక జిల్దుగరు వచ్చును. వయస్సు మళ్ళినవాడు, మేము చాచా అని పిలిచెదము. చినిగిన పుస్తకములను విప్పి, ఫారములను వరుసలో సరిచూచి, విడివిడిగా దారముతో కుట్టి, మైదాపిండి జిగురులో పురుగు పట్టకుండుటకు రవ్వంత మైలుతుత్తము కలిపి, అట్టలు వేసి, శికంజాలో బిగించి మరునాటి వరకు ఉంచును. ఫారము ఫారముగా కుట్టు ఈ పద్ధతిని ఉర్దూలో జుజ్‌బందీ అందురు. తొందరగలవారు కాగితములను ఒక్కచోట చేర్చి ప్రక్కనుండి సూది దింపెదరు. అట్టి పుస్తకము పూర్తిగా తెరచుకొనదు, బలవంతముగా తెరచినచో వెన్ను విరుగును. చాచా కుట్టిన పుస్తకము బల్లపై పెట్టినచో రెండు ప్రక్కలకును చక్కగా పరచుకొనును.

మా గ్రంథాలయములో ఆయన పనికి మరొక చిక్కు గలదు. ఉర్దూ పుస్తకమునకు వెన్ను కుడివైపున ఉండును, తెలుగు పుస్తకమునకు ఎడమవైపున. ఒక్క అట్ట తిరుగబడిన పుస్తకమంతయు తలక్రిందులగును. ఇక మన వార్షిక సంచిక సంగతి పాఠకులకు తెలిసినదే: ఒక కొసనుండి ఉర్దూ, మరొక కొసనుండి తెలుగు, నడుమ రెండును కలిసికొనును. ఐదు సంవత్సరముల సంచికలను ఒక సంపుటముగా కట్టుమని ఇచ్చినప్పుడు చాచా "దీనికి ముందు ఏది మాస్టర్ సాబ్?" అని అడిగినారు. మాకు జవాబు తోచలేదు. ఆయన కొంతసేపు ఆలోచించి రెండు అట్టలమీదను పేర్లు అతికించినారు.

ఒక వేసవి మధ్యాహ్నము ఆయన పని చేయుచుండగా చూచి మేము ముగ్ధులమై, "చాచా, మీ జీవితములో ఎంత ఖనాఅత్ ఉన్నది! ఇంత తృప్తి మాకు లేదు" అంటిమి. ఆయన సూది ఆపలేదు. "తృప్తి నాది మాస్టర్ సాబ్. రేటు మీది. ఆరేళ్ళయింది పెంచి" అన్నారు.

అంతటితో మా ఉపన్యాసము ముగిసినది. నిజమునకు ఈ వ్యాసము మొదలైనదియు అక్కడనే.

ఖనాఅత్ అనునది మన ధార్మిక సాహిత్యములో మిక్కిలి గౌరవింపబడిన గుణము. ఉన్నదానితో మనస్సు నిండుట అని దాని భావము. ఐశ్వర్యమును సరకుల లెక్కతో గాక మనస్సు లెక్కతో కొలువవలెనని ప్రవక్త బోధ. మసీదు ప్రసంగములలోను, పెద్దల మాటలలోను ఈ గుణమును గురించి వినని వారుండరు. అయితే వినిపించువారెవరు, వినువారెవరు అని ఒక్కసారి చూడవలసియున్నది. తరచుగా కడుపు నిండినవాడు నిండనివానికి దీనిని బోధించుచుండును. యజమాని పనివానికి, అత్త కోడలికి, ఒక్కొక్కప్పుడు, చెప్పుటకు సిగ్గగుచున్నది, అధ్యాపకుడు జిల్దుగరునకు.

దివ్య ఖురానులోని ఇరువది రెండవ అధ్యాయమగు అల్‌హజ్జ్‌లో, ముప్పది ఆరవ వాక్యమున, ఖుర్బానీ మాంసమును గురించిన ఆజ్ఞ గలదు. మీరు తినుటతోబాటు ఎవరికి పెట్టవలెనో చెప్పుచు అక్కడ రెండు మాటలు వాడబడినవి. ఒకటి "ఖానిఅ", రెండవది "ముఅతర్ర్". ఈ ఖానిఅ అను మాట ఖనాఅత్ ధాతువునకు చెందినదే. వ్యాఖ్యాతలు దీనిపై భిన్నాభిప్రాయులు. ఆ ధాతువునకు ఒక స్వరముతో తృప్తిపడుట అనియు, మరొక స్వరముతో యాచించుట అనియు అర్థము గలదు. అందుచేత కొందరు ఖానిఅ అనగా యాచించువాడనిరి. మరికొందరు, ఉన్నదానితో సరిపెట్టుకొని ఇల్లు కదలక, చేయి చాపక కూర్చున్న పేదవాడనిరి. మాకు ఈ రెండవ అర్థమునందే మక్కువ. ఏలయన దానిని అనుసరించినచో, అడుగనివాని తృప్తి మనలను బాధ్యతనుండి విడిపించదు. అడిగినవాడు మన వాకిటికి వచ్చును. అడుగనివాని వాకిటికి మనము పోవలెను. బక్రీదు దినమున మాంసము పంచు పిల్లలకు పెద్దలు ముందుగా ఏ ఇంటికి పోవలెనో చెప్పి పంపుట ఇందుకే. తలుపు సగము మూసియుండు ఇల్లు ప్రతి వీధిలోను ఒకటి ఉండును.

కాబట్టి ఖనాఅత్‌ను ఎవరికి వారు తమ విషయములో పాటింపవలెనే గాని ఇతరుల అవసరమునకు మందుగా ఇచ్చుట తగదని మా అభిప్రాయము. ఒక యువకుడు ఇంటి అప్పు తీర్చుటకు దుబాయికి పోయినచో అతనికి తృప్తి లేదనుట అన్యాయము. ఒక విద్యార్థిని పై చదువు కోరినప్పుడు "ఉన్నదానితో తృప్తిపడుము" అనుట ఖనాఅత్ కాదు, ఆమె దారికడ్డముగా గోడ కట్టుట.

ఇక రెండవ అపోహ, తృప్తియనగా తక్కువ పని చేయుట అనునది. తెలుగు చదివినవారెవరును ఈ అపోహలో పడరాదు. పదునైదవ శతాబ్దమున బమ్మెర పోతన నాగలి పట్టి జీవించెననియు, తన భాగవతమును రాజునకు అంకితమీయ నిరాకరించెననియు ప్రతీతి. ఆ కథలో ఎంత చరిత్ర, ఎంత భక్తుల అభిమానము అను చర్చ అటుంచుదము. రాజు ఈవలసిన దానియెడల ఆశ లేని ఆ కవి తలపెట్టిన పని ఎంతటిది? పండ్రెండు స్కంధముల భాగవతము. తరువాత శిథిలమైన భాగములను గంగన, సింగన, నారయలు పూరింపవలసి వచ్చినది. తృప్తి ఆయనకు రాజసభ విషయములో ఉండెను. పద్యము విషయములో లేదు.

ఇటువంటివారు ఇస్లామీయ విద్యాచరిత్రలోను పలువురు గలరు. వక్ఫు చట్టములను గురించి తొలినాటి ప్రామాణిక గ్రంథములలో ఒకటి వ్రాసిన హనఫీ న్యాయవేత్త పేరు అల్ ఖస్సాఫ్. హిజ్రీ 261లో మరణించినాడు. ఖస్సాఫ్ అనగా చెప్పులు కుట్టువాడు. ఖలీఫా కొలువులో మన్నన పొందినను తన చేతి పనితోనే భోజనము చేసెనని చరిత్రకారులు చెప్పుదురు. నేటికిని మన దేశపు మదరసాలలో బోధింపబడు ముఖ్తసర్ గ్రంథకర్త అల్ ఖుదూరీ పేరు కుండలకు సంబంధించినది. వీరి శిష్యులు ఆ పేర్లను దాచలేదు, మార్చలేదు. వేయి సంవత్సరములకు పైగా గ్రంథముల అట్టలమీద అవే పేర్లు వ్రాయుచు వచ్చినారు. మన తెలుగునాట దూదేకుల వారి పేరును పనినుండి వచ్చినదే. దానిని చిన్నచూపుతో పలుకువారు మన సమాజములోనే ఉన్నారు. అల్ ఖస్సాఫ్ పేరును భక్తితో పలికి, దూదేకుల పేరును పెదవి విరిచి పలుకుట ఏ ధర్మమో వారే చెప్పవలెను.

మామూలు జీవితమనగా ఏమియు జరుగని జీవితమని కూడ కొందరనుకొందురు. హైదరాబాదు ఉర్దూ కవి అమ్జద్ హైదరాబాదీని తలచుకొనినచో ఈ భావము నిలువదు. 1908 సెప్టెంబరు 28న మూసీనది పొంగి నగరమును ముంచెత్తినది. ఆ ఒక్క వరదలో అమ్జద్ తన తల్లిని, భార్యను, కుమార్తెను పోగొట్టుకొన్నారు. తానొక్కరు బ్రదికి బయటపడినారు. ఆ తరువాత అర్ధశతాబ్దికి పైగా జీవించి 1961లో కన్నుమూసినారు. ప్రభుత్వపు లెక్కల కచేరీలో ఉద్యోగము చేసినారు. పెద్ద కావ్యములను గాక, నాలుగు పాదముల చిన్న రుబాయీని తన ప్రక్రియగా చేసికొని, దానిలో దేశమంతట పేరు పొందినారు.

ఆయన జీవితమును గురించి ఆలోచించినప్పుడెల్ల మాకొక సంగతి తోచును. ఆ నది తీసికొనిపోయినది రాజ్యమును కాదు, ధనాగారమును కాదు. సాయంకాలము దీపము వెలిగించు చేయి, గడప దగ్గర పరుగెత్తివచ్చు పిల్ల, వంటయింటినుండి వినవచ్చు తల్లి పిలుపు, ఇవియే పోయినవి. అనగా మామూలే పోయినది. అంతటి నష్టము తరువాత ఒక మనుష్యుడు ఉదయమున లేచి, ముఖము కడుగుకొని, కచేరీకి పోయి అంకెలు కూడుట ఎంత కష్టమైన పనియో ఊహింపవలసినదే. దానిని "ఏమీ లేదు, మామూలే" అనుటకు మాకు నోరు రాదు.

మా విద్యార్థుల అవస్థయు మాకు తెలియనిది కాదు. పూర్వము మనుష్యుడు ప్రక్కింటివానితో పోల్చుకొనెడివాడు. ప్రక్కింటివాని అప్పులును వానికి తెలిసియుండెడివి. ఇప్పుడు చేతిలోని ఫోను తెరపై ముఖము తెలియనివారి ఇండ్లు, వాహనములు, విహారములు రేయింబవళ్ళు కదలాడుచుండును. వారి అప్పులు మాత్రము కనబడవు. ఇట్టి కొలబద్ద పట్టుకొని ఏ దుకాణమును, ఏ పంతులు ఉద్యోగమును కొలిచినను పొట్టిగనే తేలును. మేమును రాత్రివేళ ఆ కొలబద్ద పట్టుకొని కూర్చున్న దినములు గలవు. తోటివారి పదోన్నతుల వార్తలు చూచి ఉదయపు పాఠమునకు సిద్ధము కాకుండ పోయిన దినములును గలవు. ఆ నష్టము ఎవరిదో తరగతిలోని పిల్లలకు తెలియును.

వేదిక దిగిపోయిన ఆ విద్యార్థి దుకాణమునకు తరువాత మేమొకసారి పోయితిమి. పాఠశాల పుస్తకములు, నోటు పుస్తకములు అమ్ము చిన్న దుకాణము. జూను మాసము, జనము క్రిక్కిరిసి ఉన్నారు. అతడు ఒక ముసలి తల్లి తెచ్చిన పుస్తకముల జాబితాను చదివి, "ఇందులో రెండు పోయినేడువే అమ్మా, మీ పెద్దవాడివి ఇంట్లో ఉంటాయి, కొనకండి" అని చెప్పుచుండెను. మమ్ము చూచి, సిగ్గుపడి, స్టూలు తుడిచి వేసినాడు. కూర్చుంటిమి గాని, ఆనాటి చప్పట్ల సంగతి చెప్పుటకు ధైర్యము చాలలేదు. ఈ సంచిక అతనికి చేరునని తలంచెదము.

చాచా రేటు సంగతి కళాశాల కమిటీ వారి ముందుంచితిమి. వారు పెద్ద మనస్సుతో అంగీకరించి గత వేసవినుండి పెంచినారు. ఆ కాగితమును మేము చదివి వినిపించగా చాచా రెండుసార్లు చదివించుకొని, మడిచి, జేబులో పెట్టుకొని, సూదిలో దారమెక్కించినారు. ఆ దినము ఆయన కుట్టిన సంపుటమును వెనుకటి సంవత్సరపు సంపుటము ప్రక్కన పెట్టి, రెంటిని తెరచి, కుట్టు కుట్టుగా పోల్చి చూచితిమి. తేడా కనబడలేదు.