గెలీలియో గుండు – సరాసరి వేగము

మేడపైనుండి జారిన రాయి రెప్పపాటులో నేలను తాకును. అది ఏ క్షణమున ఎచ్చట నుండెనో కన్ను పట్టజాలదు. ఇటలీ దేశీయుడగు గెలీలియో (1564–1642) ఈ చిక్కునకు ఒక ఉపాయము కనుగొనెను. పాటును నెమ్మదింపజేసి కొలుచుటయే ఆ ఉపాయము.

అతడు పన్నెండు మూరల దూలములో గాడి తీయించి, దానికి నునుపైన తోలుకాగితము నతికించెను. దూలము నొకవైపు కొంచె మెత్తి, గాడిలో గుండ్రని కంచుగుండును దొర్లించెను. సెకనులను సరిగా కొలుచు గడియారము అతనికి అందుబాటులో లేదు. అందుచే నీటిపాత్ర అడుగున సన్నని గొట్టము నమర్చి, గుండు దొర్లునంతసేపు కారిన నీటిని త్రాసులో తూచెను. నీటి తూకమే కాలమునకు కొలత. గాడిలో నాలుగవవంతు దాటుటకు గుండునకు మొత్తము కాలములో సరిగా సగము పట్టినది! ఈ వివరములు 1638లో అచ్చయిన అతని గ్రంథమున కలవు.

దీని యర్థము ఒక ఉదాహరణమువలన తేటపడును. కదలిన గుండు 1, 2, 3, 4 సెకనుల చివర పైకొననుండి వరుసగా 10, 40, 90, 160 సెంటీమీటర్ల దూరమున నున్నదనుకొనుడు. తుదిస్థానమునుండి మొదటిస్థానమును తీసివేయగా వచ్చునది స్థానభ్రంశము. దానిని పట్టిన కాలముచే భాగించిన సరాసరి వేగము లభించును. 160ని 4చే భాగించగా సెకనుకు 40 సెంటీమీటర్లు.

అయితే గుండు అంతసేపును ఆ వేగముతోనే దొర్లెనా? లేదు. ఒక్కొక్క సెకనునకు లెక్కించిన వేగములు వరుసగా 10, 30, 50, 70 అగును. మొత్తపు సరాసరి ఈ పెరుగుదలను మరుగుపరచెను. కాలమును ముక్కలు చేయగానే అది బయటపడెను.

ఇచ్చట విద్యార్థులు జాగ్రత్త వహింపవలెను. తొలి 10 సెంటీమీటర్లలో వేగము 10. మిగిలిన 150 సెంటీమీటర్లకు 3 సెకనులు పట్టెను గనుక వేగము 50. ఈ రెంటిని కూడి సగము చేసిన 30 వచ్చును. అది తప్పు. కాలభాగములు సమానము కానపుడు వేగములను కూడి భాగింపరాదు. మొత్తము స్థానభ్రంశమును మొత్తము కాలముచే భాగింపవలెను.

మరియొక సంగతి. వేగమునకు దిశ యున్నది. గుండును వాలుపైకి నెట్టగా, అది కొంత ఎక్కి, మరల బయలుదేరినచోటికే వచ్చినచో స్థానభ్రంశము సున్న. సరాసరి వేగమును సున్నయే. నడచిన దూరమునుబట్టి లెక్కించు వడి మాత్రము సున్న కాదు.

10, 30, 50, 70 అను వరుసలో 1, 3, 5, 7 అను బేసిసంఖ్యల నిష్పత్తి కలదు. వాలును మార్చి చూచినను గెలీలియోకు ఈ నియమము తప్పలేదు. కావుననే క్రిందపడు రాయియు దీనినే పాటించునని అతడు నిశ్చయించెను. కంటి కందని రాతి పాటు, కొన్ని స్థానములను కొలిచి తీసివేత, భాగహారము చేయుటచే మానవుని బుద్ధి కందినది.