మెత్తబడిన బ్రేకు

మన సభ్యులలో పలువురు కారులలో హైదరాబాదు పోయివచ్చుచున్నారు. విజయవాడ బాటన ఎల్.బి. నగరు చేరి, కొత్తపేట మీదుగా దిల్‌సుఖ్‌నగరు పోవునపుడు అడుగడుగునను బ్రేకు వేయవలసివచ్చును. అప్పుడు పెడలు దూదిని త్రొక్కినట్లు దిగినచో నది ప్రాణాపాయసూచన యని గ్రహింపవలెను.

పెడలుపై మనము వేయు బలమును బ్రేకాయిలు గొట్టముల ద్వారా చక్రములకు జేర్చును. ఆయిలు అణగదు, గాలి యణగును. గొట్టములలో గాలి చొచ్చినచో మన బలము దాని నణచుటకే వ్యయమగును. ఆయిలు తేమను గూడ పీల్చును. డాట్ 3 రకము క్రొత్తదైనచో 205 సెంటీగ్రేడు డిగ్రీల వరకు మరుగదు. నీరు పట్టినచో 140 డిగ్రీలకే మరుగవచ్చును. ఆ యావిరియు గాలివలెనే యణగును.

బండి నిలిపి పెడలును పలుమారులు త్రొక్కి చూడవలెను. అంతట బిగిసినచో గాలి చేరెనని యనుమానింపదగును. త్రొక్కిపట్టినను మెల్లగా దిగుచున్నచో ఆయిలు కారుచుండుటయో, మాస్టరు సిలిండరులోని రబ్బరులు చెడుటయో కారణము కావచ్చును. అట్టి బండిని నడుపరాదు.

గాలి తీయుటకు ఇరువురు కావలెను. ఒకరు పెడలు త్రొక్కిపట్టగా, రెండవవారు చక్రమువద్ది నిపులును వదులుచేసి బుడగలను పోనిచ్చి, పెడలు విడువకమునుపే బిగింపవలెను. పైడబ్బాలో ఆయిలు అడుగంటనీయరాదు. కారిన యాయిలును మరల పోయరాదు. ఏబీయస్ గల కారులకు మెకానిక్కు సాయము మేలు.

"రెండుమారులు త్రొక్కిన పట్టుచున్నది గదా" యని కాలము గడుపరాదు. పగ్గము తెగిన యెడ్లబండిని పల్లమునకు దోలు రైతు గలడా?