అరచేతిలో రేసు కారు

రేసు కారుకి వేగం ముఖ్యం. బొమ్మలు వేయడానికి ఓపిక కావాలి. ఈ రెండింటికీ ముడిపెట్టిన ఘనత ఫ్రాన్స్‌కు చెందిన హెర్వే పూలెన్‌ది. వేలంపాటలు నిర్వహించే ఆయనకు కార్ల పందేలంటే ప్రాణం. 1975లో లెమాన్ 24 గంటల పందెంలో తాను నడపబోయే బీఎండబ్ల్యూకు అమెరికన్ కళాకారుడు అలెగ్జాండర్ కాల్డర్‌తో రంగులద్దించాడు. కారు మధ్యలోనే ఆగిపోయింది కానీ, 'ఆర్ట్ కార్ల'కు అదే నాంది. తర్వాత గ్రాఫ్ కాగితంలాంటి గళ్లతో ఫ్రాంక్ స్టెల్లా, చుక్కలతో రాయ్ లిక్టెన్‌స్టైన్... 2024లో జూలీ మెహ్రెటు కారుతో వీటి సంఖ్య 20కి చేరింది.

అసలు కార్లను ప్రదర్శనల్లో చూసి రావాల్సిందే. ఇంట్లో పెట్టుకోవాలంటే మాత్రం లోహంతో చేసిన బుల్లి నమూనాలున్నాయి. 1:18 నిష్పత్తిలో అయితే జానెడు పొడవు, 1:43లో అయితే అరచేతిలో ఇమిడిపోతాయి.

తమాషా ఏంటంటే, తొలి ఆర్ట్ కార్లు పుట్టింది కూడా బుల్లి కార్ల మీదే! కళాకారులు చిన్న నమూనాకు రంగులేసిస్తే, నిపుణులు దాన్ని చూసి అసలు కారుపైకి ఎక్కించేవారు. ఆ పద్ధతిని మార్చింది ఆండీ వార్హోల్. 1979లో ఎం1 కారు మీదే నేరుగా కుంచె పట్టి, అరగంటలోపే పని ముగించాడు. తడి రంగుపై వేళ్లతో గీతలూ గీశాడు. అదే ఏడాది లెమాన్‌లో ఆ కారు ఆరో స్థానంలో నిలిచింది.

అందుకే కాల్డర్ కారు నమూనా కొంటే, ఆయన రంగులేసిన చిన్న కారుకు చుట్టాన్ని ఇంటికి తెచ్చుకున్నట్టే. వార్హోల్ నమూనాలో రంగులన్నీ ఉంటాయి కానీ ఆ వేళ్ల గీతలు ఉత్త అచ్చే. అసలైనవి చూడాలంటే పెద్ద కారు దగ్గరికి వెళ్లక తప్పదు!