ఆట మధ్యలో ఆరిపోయే కంప్యూటర్: 16 మిల్లీసెకన్ల లెక్క

సినిమా చూసినంతసేపూ ఏమీ కాదు. ఆట మొదలుపెట్టిన కాసేపటికి తెర నల్లబడుతుంది, ఫ్యాన్లు ఆగిపోతాయి. నీలం తెర రాదు, హెచ్చరికా ఉండదు. ఈ సంగతి ఎవరికి చెప్పినా వచ్చే జవాబు దాదాపు ఒకటే: గ్రాఫిక్స్ కార్డు పోయుంటుంది, లేదంటే వేడెక్కి ఉంటుంది. ఆ మాట పట్టుకుని వేలకు వేలు పోసి కొత్త కార్డు తెచ్చుకున్నా, అదీ అలాగే ఆరిపోతే ఆ బాధ చెప్పుకోలేం. ఆటలోనే ఆగుతోంది కాబట్టి తప్పు కార్డుదే అనుకోవడం తొందరపాటని నా అభిప్రాయం. ముందు చూడాల్సింది కరెంటు లెక్క.

అంతకన్నా ముందు, యంత్రం తన గురించి తాను ఏం రాసుకుందో చదవాలి. విండోస్‌లో ఈవెంట్ వ్యూయర్ తెరిచి సిస్టమ్ లాగ్‌లోకి వెళితే ఎర్ర గుర్తుతో ‘కెర్నల్-పవర్ 41’ కనిపిస్తుంది. పేరులో పవర్ ఉంది కదా అని చాలామంది అక్కడే ఆగిపోతారు. నిజానికి 41 చెప్పేది ఒక్కటే: కిందటిసారి కంప్యూటర్ సవ్యంగా ముగియలేదని. ప్లగ్ పీకినా, నీలం తెర వచ్చినా అదే అంకె పడుతుంది. అసలు కబురు దాని వివరాల్లో ఉండే ‘బగ్‌చెక్‌కోడ్’ దగ్గర ఉంటుంది. అక్కడ 0 కాని అంకె ఉంటే డ్రైవర్లు, ర్యామ్ వైపు వెతకాలి. 0 ఉంటే, సాధారణంగా, విండోస్‌కు ఏమీ రాసుకునే వ్యవధి దొరకలేదని అర్థం. కాళ్ల కింద నేల లాగేసినట్టు కరెంటు తెగింది. పక్కనే 6008 అనే నమోదు ఉంటుంది. అందులో ఆగిపోయిన వేళ రాసి ఉంటుంది. దాన్ని కాగితం మీద రాసిపెట్టుకోండి, పని ఉంది.

వేడి సంగతి త్వరగా తేల్చేయవచ్చు. ఇంటెల్ 12 నుంచి 14వ తరం ప్రాసెసర్లకు హద్దు 100 డిగ్రీలు, రైజెన్ 7000 వరుసలో ఎక్కువ వాటికి 95. ఆ హద్దు తాకగానే అవి ఆరిపోవు, వేగం తగ్గించుకుంటాయి. ఇంటెల్ ప్రాసెసర్ తనంతట తాను కరెంటు కోసేసుకునేది దాదాపు 130 డిగ్రీల దగ్గర. అంటే వేడి వల్ల ఆగే కంప్యూటర్ ముందుగా ఆటను కుంటుపరుస్తుంది, ఫ్యాన్ల హోరు పెంచుతుంది. మన ఎండలను కూడా లెక్కలో వేసుకోవాలి. గది 27 డిగ్రీలున్నప్పుడు ప్రాసెసర్ 78 చూపిస్తే, మే నెలలో రెంటచింతలలోనో రామగుండంలోనో గది 40కి చేరినప్పుడు అదే ఆటకు 91 దాకా వెళుతుంది. గది ఎన్ని డిగ్రీలు పెరిగితే లోపలా ఇంచుమించు అన్నే పెరుగుతాయి. వాటర్ కూలర్ పంపు ఆగిపోవడం, కూలర్ స్క్రూ వదులవడం మాత్రం వేరే సంగతి. అప్పుడు చూస్తుండగానే 100కు చేరవచ్చు. హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రాంలో లాగింగ్ పెట్టి ఆడితే అది 2 సెకన్లకోసారి అంకెలు రాసుకుంటూ పోతుంది. ఆరిపోయాక చివరి వరుస చూడండి. అక్కడ ప్రాసెసర్ 72, కార్డు 70 ఉంటే వాటి వేడిని మరిచిపోవచ్చు.

ఇక అసలు విషయం. మన ఇళ్లలో పెట్టె మొత్తాన్నీ సీపీయూ అనేస్తాం కానీ, అందులో వెనకవైపు కరెంటు తీగ గుచ్చుకునే డబ్బా వేరు. అదే ఎస్‌ఎంపీఎస్. గోడ నుంచి వచ్చే 230 వోల్టులను 12 వోల్టులుగా మార్చేది అదే. గోడ కరెంటు ఒక్క క్షణం తడబడితే లోపలి పెద్ద కెపాసిటర్‌లో దాచుకున్న శక్తితో నెట్టుకొస్తుంది. ఎంతసేపు? పూర్తి లోడు మీద ఏటీఎక్స్ ప్రమాణం చాలాకాలం అడిగింది 16, 17 మిల్లీసెకన్లే. మన 50 హెర్ట్జ్ కరెంటులో ఒక పూర్తి ఆవృత్తికే 20 మిల్లీసెకన్లు పడుతుంది.

ఇక్కడే ‘ఆటలో మాత్రమే ఎందుకు’ అన్న ప్రశ్నకు జవాబు ఉంది. 650 వాట్ల ఎస్‌ఎంపీఎస్ పూర్తి లోడుతో 16 మిల్లీసెకన్లు నిలబడిందంటే దాని దగ్గరున్న నిల్వ 650 × 0.016, అంటే 10.4 జౌళ్లు. సినిమా చూసేటప్పుడు కంప్యూటర్ 80 వాట్లు తీసుకుంటుందనుకుందాం. అదే నిల్వ 130 మిల్లీసెకన్లు వస్తుంది. ఆటలో 500 వాట్లు లాగుతుంటే 21 మిల్లీసెకన్లకే అయిపోతుంది. కరెంటు పోయి ఇంటి ఇన్వర్టర్ అందుకోవడానికి, చాలా ఇన్వర్టర్లలో, సాధారణ మోడ్‌లో 40 మిల్లీసెకన్ల దాకా పట్టవచ్చు. యూపీఎస్ మోడ్‌లో 10 చుట్టుపక్కల. అంటే 40 మిల్లీసెకన్ల ఖాళీని సినిమా చూస్తున్న కంప్యూటర్ గమనించకుండా దాటేస్తుంది, ఆడుతున్న కంప్యూటర్ అక్కడే పడిపోతుంది. కార్డు తప్పు ఇందులో ఆవగింజంత కూడా లేదు. ఇన్వర్టర్ మీద మోడ్ మార్చే చిన్న మీటను యూపీఎస్ వైపు తిప్పితే కొన్ని ఇళ్లలో సమస్య అక్కడితో తీరుతుంది. ఇందాక రాసుకున్న 6008 వేళల్లో ట్యూబులైటు మిణుకుమందా, ఫ్యాను ఒక క్షణం తగ్గిందా అని ఇంట్లోవాళ్లను అడగండి.

విడిగా యూపీఎస్ పెట్టుకున్నవాళ్లు దాని మీద వీఏ కాదు, వాట్లు చూడాలి. బజారులో మామూలుగా దొరికే 600 వీఏ యూపీఎస్ ఇవ్వగలిగేది 360 వాట్లు. 500 వాట్ల యంత్రాన్ని దానికి తగిలిస్తే కరెంటు ఉన్నంతసేపూ బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది. కరెంటు పోగానే కీచుమని రెండూ కలిసి ఆగిపోతాయి.

కరెంటు చుక్క కూడా తగ్గకుండా వస్తున్నా ఆగిపోయే సందర్భం మరొకటి. 2020లో వచ్చిన ఆర్‌టీఎక్స్ 3080 కార్డునే తీసుకుందాం, ఇప్పుడు సెకండ్ హ్యాండ్‌లో చాలామంది కొంటున్నారు కాబట్టి. దాని లెక్క 320 వాట్లు. ఆటలో ప్రాసెసర్‌కు 120, మిగతావాటికి 60 వేస్తే మొత్తం 500. అయితే 650 వాట్ల ఎస్‌ఎంపీఎస్ సరిపోవాలి కదా? 320 అన్నది సగటు. మిల్లీసెకను కన్నా తక్కువ కాలం ఆ కార్డు అంతకన్నా చాలా ఎక్కువ లాగగలదు. రెట్టింపు దాకా వెళ్లిందనుకుంటే, 640కి 180 కలిపి 820. ఎస్‌ఎంపీఎస్‌లు తమ రేటింగ్‌కు 110 నుంచి 130 శాతం దగ్గర రక్షణ కోసం కోసేసుకోవడం మామూలు. 650కి అది 715 నుంచి 845. కొన్ని తట్టుకుంటాయి, కొన్ని తట్టుకోవు. ఎన్‌విడియా ఈ కార్డుకు 750 వాట్లు సూచించింది. 2022లో వచ్చిన ఏటీఎక్స్ 3.0 ప్రమాణం, కొత్త తరం కార్డుల కోసం చేసే ఎస్‌ఎంపీఎస్‌లు 100 మైక్రోసెకన్ల పాటు రేటింగ్‌కు రెట్టింపును ఓర్చుకోవాలని రాసింది.

డబ్బా మీది పెద్ద అంకెను నమ్మకండి. స్టిక్కర్‌లో 12 వోల్టుల వరుస వెతకండి. 450 వాట్లని పెద్దక్షరాల్లో రాసి, 12 వోల్టుల దగ్గర 25 ఆంపియర్లే ఉంటే అది 300 వాట్ల సరుకు. కార్డు, ప్రాసెసర్ బతికేది ఆ వరుస మీదే.

కార్డుకు వెళ్లే తీగలు కూడా చూడండి. ఒకే తీగకు రెండు 8 పిన్ తలలుంటే, 320 వాట్ల కార్డుకు మదర్‌బోర్డు స్లాటు ఇచ్చే 75 వాట్లు పోను మిగిలిన 245 వాట్లూ ఆ ఒక్క తీగలోనే పారాలి. 12 వోల్టుల దగ్గర అది 20 ఆంపియర్లకు పైనే. ఎస్‌ఎంపీఎస్ నుంచి రెండు వేరు తీగలు లాగితే భారం సగమవుతుంది.

రూపాయి ఖర్చు లేని పరీక్ష ఒకటుంది. ఆఫ్టర్‌బర్నర్ అనే ప్రోగ్రాంలో కార్డు పవర్ లిమిట్‌ను 70 శాతానికి దించండి. 320 వాట్ల కార్డు 224కు వస్తుంది. అదే ఆటను రెండు గంటలు ఆడండి. అస్తమానం ఆగే యంత్రం ఆగకపోతే వేలు ఎస్‌ఎంపీఎస్ వైపు, తీగల వైపు చూపిస్తుంది. ఆరిపోయిన వెంటనే పవర్ బటన్ నొక్కితే ఉలుకూ పలుకూ లేక, వెనక స్విచ్ ఆపి కాసేపాగి వేశాకే లేస్తుందా? అదీ ఎస్‌ఎంపీఎస్ రక్షణలోకి వెళ్లిన గుర్తే. అప్పుడు కూడా కొనేయకండి. స్నేహితుడి ఎస్‌ఎంపీఎస్‌ను దాని తీగలతో సహా ఒక పూట తెచ్చి బిగించి చూడండి. తీగలు మాత్రం కలపొద్దు. కంపెనీ మారితే, ఒక్కోసారి మోడల్ మారినా, పిన్నుల వరుస మారి బోర్డు కాలిపోవచ్చు. ఎస్‌ఎంపీఎస్ మూతను ఎట్టి పరిస్థితిలోనూ విప్పకండి. ప్లగ్ తీశాక కూడా లోపలి కెపాసిటర్‌లో 300 వోల్టులకు పైగా మిగిలి ఉండవచ్చు, ప్రాణం తీయగలదు.

ఆటతో నిమిత్తం లేకుండా, వేసిన ప్రతిసారీ 4, 5 సెకన్లకే ఆరిపోతుంటే పై లెక్కలేవీ వద్దు. పవర్ బటన్‌ను 4 సెకన్లు నొక్కిపడితే కంప్యూటర్ ఆగిపోవాలన్నది దాని నియమం. దుమ్ము చేరి బటన్ లోపలే ఇరుక్కుపోతే యంత్రం ఆ నియమాన్నే పాటిస్తుంది. మదర్‌బోర్డు మీద ఆ బటన్‌కు వెళ్లే రెండు పిన్నుల తీగను ఊడదీసి, ఆ రెండు పిన్నులనూ స్క్రూడ్రైవర్ మొనతో ఒక్క క్షణం కలిపి ఆన్ చేసి చూడండి. నిలబడితే మార్చాల్సింది ఆ బటనే.